డిసెంబరులో ఇద్దరం, ఒక కారు: మ్యూనిక్ – సాల్జ్‌బర్గ్ – వియన్నా – బుడాపెస్ట్ – ప్రాగ్ (11 రాత్రులు). ప్లాన్ సరిచూడండి

నల్లమల_దారి
అందరికీ నమస్కారం. డిసెంబరు 11 మధ్యాహ్నం మ్యూనిక్‌లో దిగుతాం, 22 సాయంత్రం అక్కడి నుంచే తిరుగు విమానం. భార్యాభర్తలం ఇద్దరమే, పెద్ద పెట్టెలు రెండు. షెంగెన్ వీసా చేతికొచ్చింది. ప్రస్తుతానికి అనుకున్నది ఇది:

11: విమానాశ్రయంలోనే కారు తీసుకుని సాల్జ్‌బర్గ్
12: సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్ చూసుకుని రాత్రికి వియన్నా
13–15: వియన్నా, బ్రాటిస్లావా
16–18: బుడాపెస్ట్
19: బుడాపెస్ట్ నుంచి నేరుగా ప్రాగ్
20, 21: ప్రాగ్
22: పొద్దున ప్రాగ్‌లో బయల్దేరి మ్యూనిక్ విమానాశ్రయం

కారు ఇంకా బుక్ చెయ్యలేదు. టైర్లు, టోల్ స్టిక్కర్లు, పార్కింగు, తిండి, దేని గురించైనా సరే, తప్పులుంటే చెప్పండి.

మంచుచక్రం
దూరాలు చూసుకున్నారు, వెలుతురు చూసుకోలేదు. డిసెంబరు మధ్యలో వియన్నా, ప్రాగ్, బుడాపెస్ట్ మూడింట్లోనూ నాలుగు గంటలకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. తెల్లారేది ఏడున్నర, ఎనిమిది మధ్య. అంటే పగలు ఎనిమిదిన్నర గంటలే. పొద్దున అద్దాల మీది మంచు గీకి, సామాను సర్ది, ఊరు దాటేసరికి పది. అందుకని ఒక రోజుకు మూడు, మూడున్నర గంటల డ్రైవింగ్ మించకూడదు, మధ్యాహ్నం మూడున్నరకి కారు ఆగిపోవాలి. ఈ లెక్కతో చూస్తే మీ ప్లాన్‌లో మూడు రోజులు తేలవు.

మొదటిది 11వ తారీఖు. రాత్రంతా విమానంలో కూర్చుని, దిగిన వెంటనే అలవాటు లేని కుడివైపు ట్రాఫిక్‌లో, చీకట్లో, మంచులో బండి నడపొద్దు. ఆ రాత్రి మ్యూనిక్‌లో పడుకుని కారు 12 పొద్దున తీసుకోండి. ఒక రోజు అద్దె కూడా మిగులుతుంది.

రెండోది హాల్‌స్టాట్ మీదుగా వియన్నా. సాల్జ్‌బర్గ్ నుంచి హాల్‌స్టాట్ 75 కి.మీ. లోపే, కానీ అంతా సరస్సుల పక్కన సాగే మామూలు రోడ్డు. అక్కడి నుంచి వియన్నా ఇంకో 290. రెండో సగం పూర్తిగా చీకట్లో పడుతుంది.

మూడోది బుడాపెస్ట్–ప్రాగ్, సుమారు 530 కి.మీ. వేసవిలో అయితే ఒక్క రోజులో వెళ్లొచ్చు. చలికాలంలో బ్ర్నో, ప్రాగ్ మధ్య డీ1 హైవే మీద జిహ్లావా, హుంపోలెట్స్ దగ్గర ఎత్తైన పీఠభూమి వస్తుంది. బ్ర్నోలో వాన పడుతుంటే అక్కడ మంచు పడుతుంటుంది. లారీలు అడ్డం తిరిగి గంటల తరబడి ఆగిపోయేది ఆ ముక్కలోనే.

ఇక 22న ప్రాగ్ నుంచి 380 కి.మీ. వచ్చి అదే సాయంత్రం విమానం ఎక్కడం. ఇది కుదరొచ్చు, కానీ దారిలో ఒక్క ప్రమాదం జరిగి హైవే ఆగిందంటే టికెట్టు పోయినట్టే. నేనైతే ఇలా పెడతాను:

11 మ్యూనిక్. 12, 13 సాల్జ్‌బర్గ్ (13న హాల్‌స్టాట్ వెళ్లి రావడం). 14, 15 వియన్నా. 16, 17 బుడాపెస్ట్. 18 బ్రాటిస్లావాలో మధ్యాహ్నం భోజనం, రాత్రికి బ్ర్నో. 19, 20 ప్రాగ్. 21 రేగెన్స్‌బర్గ్. 22న అక్కడి నుంచి విమానాశ్రయం 100 కి.మీ. లోపే.

అన్నీ కలిపి దాదాపు 1,700 కి.మీ. అన్నిట్లోకి పొడవైన రోజు 18, సుమారు 330 కి.మీ.

చక్రధారి
టైర్ల సంగతి నేను చెప్తాను. చలికాలంలో అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది ఇదే, పైగా ఒక్కో దేశానికి ఒక్కో నియమం.

జర్మనీలో తేదీలు లేవు. రోడ్డు మీద మంచు, పలుచని ఐసు, బురదమంచు ఉంటే వింటర్ టైరు తప్పనిసరి, లేకపోతే 60 యూరోల జరిమానా, ఒక పాయింటు. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోడ్డు చలికాలపు స్థితిలో ఉంటే తప్పనిసరి. చెక్‌లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా. అక్కడ మంచు కనిపించకపోయినా, ఉష్ణోగ్రత 4 డిగ్రీలకన్నా తగ్గి మంచు పట్టే అవకాశం ఉంటే చాలు. స్లొవాకియాలో రోడ్డు మీద మంచు పరుచుకుని ఉంటే. హంగరీలో వింటర్ టైరు చట్టం లేదు, కానీ టైర్ల చుట్టూ కట్టే మంచు చైన్ల గుర్తున్న బోర్డు పెట్టిన చోట చైన్లు ఉండాలి.

టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచురేకు బొమ్మ ఉండాలి. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలు మాత్రమే ఉన్నవి 2024 అక్టోబరు 1 నుంచి జర్మనీలో చెల్లవు. ఆల్‌సీజన్ టైర్ల మీద కూడా ఆ కొండబొమ్మ ఉంటే చట్టానికి సరిపోతాయి.

తర్వాత గాడి లోతు. ఆస్ట్రియాలో 4 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే ఎంత మంచి టైరైనా దాన్ని వింటర్ టైరుగా లెక్కపెట్టరు. చెక్‌లోనూ 4, స్లొవాకియాలో 3. కొలవడానికి పరికరం అక్కర్లేదు. జేబులో 2 యూరోల నాణెం తీసి గాడిలో నిలబెట్టండి. నాణెం అంచున ఉన్న వెండిరంగు వలయం వెడల్పు 4 మి.మీ. ఆ వలయం రబ్బరులో పూర్తిగా మునిగిపోతే సరే. వెండి ఇంకా పైకి కనిపిస్తోందంటే వేరే కారు అడగండి. నాలుగు టైర్లకీ, ఒక్కోదానికి మూడు చోట్ల, కౌంటరు దాటక ముందే చూడాలి. మధ్యలో లోతుండి అంచుల్లో అరిగిన టైర్లు ఉంటాయి, అందుకే మూడు చోట్ల.

గాలి కూడా. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే టైరులో సుమారు 0.1 బార్ తగ్గుతుంది. వెచ్చని గరాజులో సరిగ్గా ఉన్న గాలి బయట మైనస్ 8లో తక్కువైపోయి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. పంక్చరేమోనని కంగారు పడొద్దు, పెట్రోలు బంకులో చల్లటి టైరుకు గాలి పట్టించి రీసెట్ చెయ్యండి.

నల్లమల_దారి
చాలా థాంక్స్. అద్దె వెబ్‌సైట్‌లో 'వింటర్ టైర్లు' అని విడిగా డబ్బు అడుగుతోంది. చట్టప్రకారం తప్పనిసరి అయినప్పుడు వాళ్లే ఇవ్వాలి కదా?

మంచుచక్రం
ఆస్ట్రియాలో తీసుకుంటే చాలావరకు అద్దెలోనే కలిసి వస్తుంది. జర్మనీలో రోజుకింత అని విడిగా వేస్తారు. ధరలు పోల్చేటప్పుడు అది కూడా కలుపుకునే పోల్చండి. బుకింగ్ కాగితం మీద వింటర్ టైర్లు అన్న మాట అచ్చై ఉండాలి.

కారు బుక్ చేసేటప్పుడు మిగతావి:

గేరు. ఆటోమేటిక్ అని ప్రత్యేకంగా ఎంచుకోకపోతే మాన్యువల్ వస్తుంది. ఎడమవైపు స్టీరింగు, కుడిచేత్తో గేరు, కింద మంచు, ఈ మూడూ కొత్తవాళ్లకు ఒకేసారి వద్దు. ఇండికేటరు కాడ ఎడమవైపు ఉంటుంది. మన మారుతి, హ్యుందాయ్ అలవాటుతో కుడివైపుది కదిపితే వైపర్లు తిరుగుతాయి. పార్కింగులోనే పది నిమిషాలు చేతికి అలవాటు చేసుకుని బయటికి రండి.

దేశాల పేర్లు. ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ, చెక్, నాలుగూ కౌంటరులో చెప్పి కాంట్రాక్టు మీద రాయించుకోండి. ఖరీదైన బ్రాండ్లను తూర్పు దేశాలకు తీసుకెళ్లనివ్వని కంపెనీలు ఉన్నాయి. అనుమతి లేకుండా వెళ్తే ఇన్సూరెన్సు పనిచెయ్యదు. అలాగే ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలితే కొన్ని వందల యూరోలు అదనంగా పడతాయి, అందుకే మ్యూనిక్‌లో మొదలుపెట్టి మ్యూనిక్‌లోనే ముగించడం మంచిది.

ఇన్సూరెన్సు. మామూలు డ్యామేజీ కవరులో తరచుగా అద్దాలు, టైర్లు, కారు అడుగుభాగం ఉండవు. చలికాలంలో దెబ్బతినేవి సరిగ్గా ఇవే. రోడ్డు మీద జారకుండా చల్లే కంకర ముందు లారీ చక్రం నుంచి లేచి అద్దానికి తగులుతుంది. అద్దం, టైరు కవరు విడిగా తీసుకోండి. ఇది అనవసర ఖర్చు కాదు.

క్రెడిట్ కార్డు, నడిపే మనిషి పేరు మీదే ఉండాలి. డెబిట్ కార్డుకు చాలాచోట్ల కారు ఇవ్వరు. ఇద్దరూ నడిపేట్టయితే రెండో డ్రైవరు పేరు కూడా ఎక్కించండి.

లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకురండి. ఆర్టీఏలో ఫారం 4ఏ, ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. పాస్‌పోర్టు, వీసా కాపీలు పెట్టాలి. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చాలదు, అసలు లైసెన్సు కార్డు కూడా చేతిలో ఉండాలి.

ఓరుగల్లు_వియన్నా
స్టిక్కర్ల ముచ్చట నేను చెప్తా, ఎందుకంటే అందరు పైసలు పోగొట్టుకునేది ఇక్కడనే.

జర్మనీల కార్లకు టోల్ లేదు. ఆస్ట్రియా, చెక్, స్లొవాకియా, హంగరీ, నాలుగింటికి విన్యెట్ (హైవే టోల్ పాసు) కావాలె. చెక్, స్లొవాకియా, హంగరీల ఇప్పుడు స్టిక్కరే లేదు, మీ కారు నంబరు మీద ఆన్‌లైన్ల కొనుడే. కెమెరా నంబరు ప్లేటు చదువుతది. అద్దె కారు నంబరు చేతికొచ్చేదాక తెల్వదు కాబట్టి ముందుగాల కొననీకి రాదు. తాళంచెవి తీస్కున్నంక, పార్కింగులనే కూసోని, ఫోన్ల నాలుగు కొనుండ్రి. ఇరవై నిమిషాల పని.

కొనేటప్పుడు మూడు తప్పులైతయి. ఒకటి, దేశం. కారు జర్మనీది కాబట్టి 'డి' ఎంచుకోవాలె, ఆస్ట్రియా విన్యెట్ అని ఆస్ట్రియా పెడితే చెల్లదు. రెండు, సున్నా, 'ఓ' అక్షరం కలగలుపు. మూడు, గూగుల్ల వెతికి పైన వచ్చే సైటుల కొనుడు. ఆ పైన వచ్చేటివి చానా వరకు మధ్యవర్తులవి, అసలు ధర మీద ఇంకింత వేస్తరు. ఆస్ట్రియాకు అస్ఫినాగ్, చెక్‌కు ఇ-దాల్నిత్సె, స్లొవాకియాకు ఇ-జ్నామ్కా, హంగరీకి ఇ-మాట్రిత్సా. ఇవి సర్కారు సైట్లు.

మీ తారీఖులకు లెక్క: ఆస్ట్రియా 10 రోజులది, 12 నుంచి మొదలు. 16న మీరు ఆస్ట్రియా దాటిపోతరు, సరిపోతది. దాదాపు 12–13 యూరోలు. హంగరీది 16న పోవుడు, 18న వచ్చుడు కాబట్టి ఒక రోజువి రెండు కొంటే 10 రోజుల దానికన్న ఎక్కువైతది, 10 రోజులదే తీస్కోండి. ధర ఆరు వేల ఫోరింట్ల పైన. స్లొవాకియాకు 18 ఒక్కరోజుది చాలు. చెక్ 10 రోజులది, 300 కొరునాల దగ్గర్ల. ధరలు మారుతుంటయి.

ఆస్ట్రియా విన్యెట్ లేక దొరికితే వంద యూరోలు దాటి కట్టాలె. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, వాల్జర్‌బర్గ్ బార్డర్ నుంచి సాల్జ్‌బర్గ్ నోర్డ్ ఎగ్జిట్ దాక ఏ1 మీద విన్యెట్ అక్కర్లేదు, 2019 డిసెంబరు నుంచి మినహాయింపు ఉంది. ఏ10 మీద దక్షిణానికి పోతే టావెర్న్ సొరంగానికి విడిగ టోల్ ఉంటది, మీ దారిల అది రాదు. మ్యాప్ ఎప్పుడన్న గ్రాస్‌గ్లాక్నర్ కొండదారి చూపిస్తే నమ్మొద్దు, అది నవంబరు నుంచి మే మొదటి దాక మూసే ఉంటది.

పట్టాలబండి
ఒక్క మాట. బుడాపెస్ట్‌కి కారు ఎందుకు? వియన్నా హాప్ట్‌బాన్‌హోఫ్ నుంచి బుడాపెస్ట్ కెలెటి స్టేషనుకు రైల్‌జెట్ రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు. ముందుగా కొంటే టికెట్ చవక. కారు వియన్నాలో పార్క్ అండ్ రైడ్‌లో (ఊరి అంచున కారు పెట్టి మెట్రో ఎక్కే పార్కింగు) వదిలి 16న రైలెక్కి, 18న తిరిగొచ్చి కారు తీసుకుని బ్ర్నో వెళ్లండి, అది 130 కి.మీ. ఉంటుంది. హంగరీ విన్యెట్ పోయింది, స్లొవాకియా విన్యెట్ పోయింది, బుడాపెస్ట్ పార్కింగు తలనొప్పి పోయింది. బ్రాటిస్లావా కూడా వియన్నా నుంచి రైల్లో గంట దూరమే.

మంచుచక్రం
పట్టాలబండి గారి మాటకు నేను చాలావరకు ఒప్పుకుంటాను. వియన్నా దాటాక ఏ4 మీద పార్న్‌డార్ఫ్ మైదానం వస్తుంది. గాలిమరలన్నీ అక్కడే పెట్టారంటే గాలి ఎంతుంటుందో చూడండి. పక్కగాలికి పొడిమంచు లేచి రోడ్డుకు అడ్డంగా కొట్టుకొస్తుంది. ఆ రోజు హెచ్చరిక ఉంటే రైలే మేలు. లేదూ, పెట్టెలు మోసుకుని రైలు మారే ఓపిక లేదంటే కారే. చిన్న బ్యాగుతో వెళ్లి పెద్ద పెట్టెలు వియన్నా హోటల్లో వదలొచ్చు, పార్కింగులో ఉన్న కారులో మాత్రం వద్దు.

నల్లమల_దారి
రైలు ఆలోచన మా ఇద్దరికీ నచ్చింది. మరి వియన్నాలో కారు ఎక్కడ పెట్టాలి? హోటలు పార్కింగు రోజుకు 35 యూరోలు అంటున్నారు.

ఓరుగల్లు_వియన్నా
హోటల్ల పెట్టకుండ్రి. 2022 మార్చి నుంచి దాదాపు ఊరంత పెయిడ్ పార్కింగే. సోమవారం నుంచి శుక్రవారం దాక, పొద్దున 9 నుంచి రాత్రి 10 దాక, అది కూడ రెండు గంటలకు మించి ఒక్క చోట ఉంచనియ్యరు. అందుకని పార్క్ అండ్ రైడ్. మీరు పడమటి నుంచి ఏ1 మీద వస్తరు కాబట్టి హ్యూటెల్‌డార్ఫ్ మొదట తగులుతది, అక్కడ యూ4 మెట్రో. లేదంటే ఎర్డ్‌బెర్గ్, యూ3 మెట్రో, ఏ23 పక్కనే. రోజుకు హోటలు ధరల ఐదో వంతు కూడ కాదు, వారానికి టికెట్ కూడ ఉంటది, రాత్రులు ఉంచొచ్చు.

ప్రాగ్‌ల గట్ల కాదు. అక్కడి పార్క్ అండ్ రైడ్ పగటిపూట వచ్చిపొయ్యేటోళ్ల కోసం, రాత్రి ఉంచితే అదనంగ కట్టాలె. రోడ్డు మీద నీలం గీత ఉంటే అది అక్కడి నివాసులది, అండ్ల పెట్టొద్దు. రెండు రాత్రులకు గరాజున్న హోటలు చూసుకోండి, ఊరి నడుమ వద్దు, మెట్రో లైను మీద ఉంటే చాలు.

హాల్‌స్టాట్‌ల ఊరి లోపలికి బయటి కార్లు పోనియ్యరు. పీ1, పీ2 పార్కింగులు నిండినయా లేదా అని రోడ్డు మీదనే బోర్డుల చూపిస్తరు. పొద్దున పదిలోపు చేరితే సులువు. సాల్జ్‌బర్గ్ నుంచి బీ158 మీద సాంక్ట్ గిల్గెన్, బాడ్ ఇష్ల్, అక్కడి నుంచి బీ145, బీ166. పక్కనే కొండ ఉంటది కాబట్టి మధ్యాహ్నానికే నీడ పడ్తది, నీడ పడ్డ రోడ్డు మీద ఐసు కరుగది.

చక్రధారి
ఆ నీడ సంగతి చెప్పింది మంచి మాట. ఐసు ఎక్కడ పడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. వంతెనల మీద ముందు పడుతుంది, ఎందుకంటే కిందా మీదా రెండువైపులా చల్లగాలి తగులుతుంది, నేల వేడి అందదు. తర్వాత అడవి నీడ, సరస్సు ఒడ్డు, సొరంగం బయటికొచ్చే నోరు. డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత 3, 4 డిగ్రీలకు దిగగానే మంచురేకు గుర్తు వెలిగి ఒక్కసారి బీప్ కొడుతుంది. అది చూసి ఇంకా సున్నా కాలేదు కదా అనుకోవద్దు. అది గాలి ఉష్ణోగ్రత, రోడ్డు అంతకన్నా చల్లగా ఉండొచ్చు.

పొద్దున కారు తీసే పద్ధతి ఇది. ఇంజను ఆన్ చెయ్యకముందే బ్రష్‌తో ముందు పైకప్పు మీది మంచు తుడవండి, తర్వాత అద్దాలు, దీపాలు, నంబరు ప్లేటు. పైకప్పు మీద వదిలేస్తే మొదటి బ్రేకుకే మంచు మొత్తం జారి ముందద్దం మీద పడుతుంది, లేదా వెనక కారు మీద ఎగిరి పడుతుంది. ఆ తర్వాత గీకుడుబిళ్లతో అద్దం మొత్తం గీకాలి. మొహం పట్టేంత కిటికీ గీకి బయల్దేరితే జరిమానా. వేడినీళ్లు పొయ్యొద్దు, అద్దం పగులుతుంది. ఇంజను ఆన్ చేసి వేడెక్కేదాకా నిలబెట్టడం జర్మనీ, ఆస్ట్రియా రెండిట్లోనూ నిషేధం, అందుకే గీకడం ముందు, స్టార్టు తర్వాత. లోపల ఆవిరి పడితే ఏసీ ఆన్ చేసి, లోపలి గాలే తిరిగే బటన్ ఆఫ్ చేసి, గాలి అద్దం మీదికి తిప్పండి. వేడిగాలితో పాటు ఏసీ ఎందుకంటే, అది గాలిలో తేమ లాగేస్తుంది. బూట్ల మంచు దులిపి ఎక్కితే ఆవిరే తక్కువ పడుతుంది.

అద్దం కడిగే నీళ్లు. అద్దె కారులో ఏం పోశారో తెలియదు. మొదటి బంకులోనే మైనస్ 20 అని రాసిన, నేరుగా పోసే రకం మూడు లీటర్ల డబ్బా కొనండి. రోడ్డు మీద చల్లిన ఉప్పు ముందు లారీ నుంచి చిమ్మి అద్దం తెల్లగా అయిపోతుంది, హైవే మీద అయిదు నిమిషాలకోసారి కడగాలి. ఆ సమయంలో నీళ్లు గడ్డకట్టి రాకపోతే ఎదురుగా ఏమీ కనిపించదు. నీళ్లు కలిపి పలుచన చెయ్యొద్దు.

దూరం. పొడి రోడ్డు మీద స్పీడోమీటరు అంకెలో సగం, మీటర్లలో: 100కి 50 మీటర్లు. మంచు మీద దానికి రెండింతలు, ఐసు అనుమానం ఉంటే ఇంకా ఎక్కువ. జర్మన్ హైవే అంచున తెల్లని స్తంభాలు 50 మీటర్లకొకటి ఉంటాయి, వాటితో కొలుచుకోండి. పొగమంచులో వెనక ఫాగ్ దీపం, కనుచూపు 50 మీటర్లకన్నా తగ్గినప్పుడే వెయ్యాలి, అప్పుడు వేగం కూడా 50 దాటకూడదు.

ఇంకొకటి. లావు జాకెట్ వేసుకుని సీటు బెల్టు పెట్టుకోవద్దు. బెల్టుకూ ఒంటికీ మధ్య గుప్పెడు మందం మెత్తదనం ఉంటుంది, గుద్దుకున్నప్పుడు ముందు అది నలిగేదాకా బెల్టు పట్టదు. జాకెట్ వెనక సీట్లో పెట్టండి, చేతికందేలా.

మంచుచక్రం
దానికి తోడు, మెరిసే పసుపు జాకెట్లు ఇద్దరికీ రెండు, డిక్కీలో కాదు, సీటు దగ్గరే. హైవే మీద ఆగాల్సివస్తే వేసుకునే దిగాలి. ముక్కోణపు బోర్డు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె కారులో ఉన్నాయో లేదో తీసుకునేటప్పుడే చూడండి. ట్రాఫిక్ నెమ్మదించి ఆగబోతుంటే, ఆగకముందే ఎడమ వరుస వాళ్లు ఎడమ అంచుకు, మిగతా అందరూ కుడికి జరగాలి. మధ్యలో అంబులెన్సుకు దారి. జర్మనీ, ఆస్ట్రియా రెండిట్లోనూ చట్టం ఇది, పాటించకపోతే జరిమానా పెద్దది. మనకి అలవాటు లేని సంగతి కాబట్టి మనసులో పెట్టుకోండి.

మందు గురించి కూడా. క్రిస్మస్ అంగళ్లలో వేడివేడి మసాలా వైను చేతికిస్తారు. ఆస్ట్రియా, జర్మనీల్లో రక్తంలో మద్యం పరిమితి వెయ్యికి 0.5, కానీ చెక్, స్లొవాకియా, హంగరీల్లో సున్నా. ముందు రోజు రాత్రి తాగింది పొద్దున మిగిలినా తప్పే. నడిపేవాళ్లకు కిండర్‌పున్ష్ అని మద్యం లేనిది అదే మసాలాతో దొరుకుతుంది. కప్పుకు డిపాజిట్ నాలుగైదు యూరోలు తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే వస్తుంది.

తుంగభద్ర
శాకాహారులైతే ఇది చదవండి. ముందు పెట్టెలో ఏం పెట్టకూడదో చెప్తాను. ఇండియా నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సామానులో తేకూడదు. నెయ్యి, కోవా, పాలపొడి, పాలతో చేసిన మిఠాయిలు, అన్నీ దాని కిందికే వస్తాయి. నెయ్యి పట్టించిన పూతరేకులు కూడా ఇంట్లోనే వదలండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, నిమ్మకాయలకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, అది లేకుండా తేవద్దు. నూనె పచ్చళ్లు, కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, అటుకులు, సేమ్యా తెచ్చుకోవచ్చు. పచ్చడి సీసాకి మూత కింద ప్లాస్టిక్ కాగితం పెట్టి బిగించి, రెండు జిప్ కవర్లలో వెయ్యండి.

బస ఎక్కడ కుదిరితే అక్కడ వంటగది ఉన్న స్టూడియో తీసుకోండి, ముఖ్యంగా బ్ర్నో, ప్రాగ్‌లలో. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. మీ 13వ తారీఖు ఆదివారమో శనివారమో క్యాలెండరు చూసి, ముందు రోజే బియ్యం, పెరుగు, కూరగాయలు కొనుక్కోండి.

బయట తినేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు. ఆస్ట్రియాలో ఫ్రిటాటెన్ సూప్‌లో పైకి కనిపించేవి దోసె ముక్కల్లాంటివే, కానీ నీళ్లు గొడ్డు మాంసం ఉడికించినవి. స్లొవాకియాలో బ్రిండ్జోవె హలుష్కి (చీజ్ వేసిన బంగాళాదుంప పిండి ఉండలు) మీద పంది కొవ్వు ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. ఆస్ట్రియాలో చీజ్ నూడుల్స్ లాంటి కేసెష్పెట్స్లె, ముక్కలు చేసిన తీపి దోసె లాంటి కైజర్‌ష్మార్న్, చెక్‌లో వేయించిన చీజ్ స్మాజెని సీర్, బుడాపెస్ట్‌లో వెల్లుల్లి రాసిన లాంగోష్, ఇవి దొరుకుతాయి. లాంగోష్ మన పూరీకి అన్నలాంటిది, వేడిగా ఉన్నప్పుడే తినాలి.

బుడాపెస్ట్‌లో సేచెన్యి వేడినీటి స్నానశాలకు చలికాలమే అసలు సమయం. బయట మంచు, కొలనులో ఆవిరి. గెల్లెర్ట్ స్నానశాల 2025 అక్టోబరు నుంచి మరమ్మతులకు మూసేశారు, పాత వీడియోలు చూసి అక్కడికి వెళ్లొద్దు. టవలు, రబ్బరు చెప్పులు మీవే తీసుకెళ్తే అద్దె తప్పుతుంది. ఈతకొట్టే కొలనులో తలకు టోపీ తప్పనిసరి. బయటికి వచ్చేముందు జుట్టు పూర్తిగా ఆరబెట్టుకోండి.

డబ్బు: ఆస్ట్రియా, స్లొవాకియా యూరో, చెక్ కొరునా, హంగరీ ఫోరింట్. కార్డు మిషను 'యూరోల్లో కట్టమంటారా, ఫోరింట్లలోనా' అనడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి. రోడ్డు పక్క మరుగుదొడ్లకు 50 సెంట్లు, ఒక యూరో నాణేలు కారులో ఒక డబ్బాలో ఉంచండి.

నల్లమల_దారి
అందరికీ రుణపడి ఉన్నాం. పెట్రోలు గురించి ఒక్క సందేహం. చెక్‌లో బంకు మీద 'నాఫ్తా' అని చూశాను ఫొటోల్లో. అది పెట్రోలేనా?

చక్రధారి
కాదు! నాఫ్తా అంటే చెక్, స్లొవాక్ భాషల్లో డీజిల్. పెట్రోలుకు 'నాచురల్ 95' అని రాస్తారు. హంగరీలో డీజిల్‌ను 'గాజోలాయ్' అంటారు, గాజ్ అని చూసి గ్యాసు అనుకోవద్దు. కారు ఇచ్చేటప్పుడే ట్యాంకు మూత లోపలి స్టిక్కరు ఫొటో తీసుకోండి. తప్పుడు ఇంధనం పడిందని తెలిస్తే ఇంజను అస్సలు స్టార్టు చెయ్యొద్దు. స్టార్టు చెయ్యకపోతే ట్యాంకు ఖాళీ చేయిస్తే సరిపోతుంది, చేస్తే పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పోతాయి. దీనికి సాధారణంగా ఇన్సూరెన్సు రాదు.

పట్టాలబండి
చివరగా 21 గురించి. చెక్ నుంచి జర్మనీలోకి, ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసు తనిఖీలు ఉంటున్నాయి, 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ అన్ని భూ సరిహద్దుల్లోనూ మొదలుపెట్టింది. షెంగెన్ లోపలే కదా అని పాస్‌పోర్టులు పెట్టె అడుగున పెట్టొద్దు, చేతిసంచిలో ఉంచండి. క్రిస్మస్ ముందు ఆదివారాల్లో వరుస పొడవుంటుంది. ప్రాగ్‌లో పొద్దున 11 గంటలు దాటకుండా బయల్దేరితే రేగెన్స్‌బర్గ్‌కు వెలుతురులోనే చేరతారు.

మంచుచక్రం
22న కారు తిరిగిచ్చే ముందు ట్యాంకు విమానాశ్రయం బంకులో కాకుండా, హైవే దిగి ఏదైనా ఊళ్లో నింపండి, ధర తేడా ఉంటుంది. రసీదు దాచండి. ఉప్పు, బురద పట్టిన కారు మీద గీతలు కనిపించవు, తర్వాత కడిగి చూసి కొత్త గీత అంటారు. దగ్గర్లో ఏదైనా కార్‌వాష్‌లో ఒకసారి కడిగించి, నాలుగు వైపులా, చక్రాల రిమ్ములు, ముందద్దం, కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు, అన్నీ వీడియో తీసి అప్పుడు తాళం ఇవ్వండి. కౌంటరులో మనిషి లేకపోతే తాళం డబ్బాలో వేసి వెళ్లిపోమంటారు, అప్పుడు ఆ వీడియో ఒక్కటే మీకు సాక్ష్యం.

నల్లమల_దారి
రాసుకున్నాను. ఆటోమేటిక్, వింటర్ టైర్లు, అద్దం–టైరు కవరు, నాలుగు దేశాల అనుమతి, 12 పొద్దున 10 గంటలకు తీసుకునేలా బుక్ చేశాం. బుడాపెస్ట్ రైల్లోనే. ఇక విన్యెట్లు రెండే కొనాలి కదా, ఆస్ట్రియా, చెక్?

ఓరుగల్లు_వియన్నా
రెండే. 18న వియన్నాల కారు తీస్కోని ఏ5 మీద ఉత్తరానికి పోండి, డ్రాజెన్‌హోఫెన్ దగ్గర బార్డర్, అవతల మికులోవ్. చెక్ వైపు కొంత దూరం ఇంక మామూలు రోడ్డే, హైవే తర్వాత వస్తది. చెక్ విన్యెట్ మొదలయ్యే తారీఖు 18 అని పెట్టి, 'డి' ఎంచుకున్నరా లేదా ఇంకోసారి చూసి పైసలు కట్టుండ్రి.